నా వైపు

తబారా చేపలు ఎండబెట్టే పనికి కయార్ వెళ్ళి ఇరవై రోజులు.
గరిటె నా చేతికొచ్చింది.
పడవ మోటార్లు విప్పి బిగించే చెయ్యి ఇది,
ఉల్లిపాయ కోసినా పెట్రోలు వాసనేనని
పెద్దాడు మసాంబా మొదటి రాత్రే తీర్పు చెప్పేశాడు.
సబ్బుతో కడిగాను, నిమ్మచెక్కతో రుద్దాను.
అయినా వస్తోందట.

మా గెత్ న్దార్ సందుల్లో మగవాడి వంటంటే
గోడవతల ఒక నవ్వు.
"ఏం మేస్త్రీ, ఈ పూట ఇంజను ఉడికిందా?" అని
పక్కింటి న్దెల్లా కేకేస్తుంది.
ఉడికింది. అడుగు కూడా పట్టింది.

ఇసుక మీద చాప పరిచాను.
అడుగున ఎర్రపువ్వున్న పింగాణీ పూత పళ్ళెం,
నలుగురికీ అదొక్కటే.
ఎవరి ముందున్నది వాళ్ళది.
చెయ్యి చాచి అవతలివాళ్ళ వైపు తీసుకోకూడదు,
నడిమధ్యన ఉన్నది పెద్దవాళ్ళు తుంచి పంచాలి.
బడికన్నా ముందు మా అమ్మ నేర్పిన భూగోళం ఇది.

నా పిల్లలు దానికి సరిహద్దులు కనిపెట్టారు.

న్గోనేకి ఆరేళ్ళు. అన్నంలో వేలితో గీత గీస్తుంది.
గీతకి ఇవతల మెతుకు తప్ప ఏదీ ఉండకూడదు.
క్యారెట్ ముక్క గీత దాటి తమ్ముడి ముందుకి పోతుంది,
బిరామ్ దాన్ని ఓసారి నాకి అన్న ముందుకి తోస్తాడు,
మసాంబా ఏమీ ఎరగనట్టు ఆకాశం చూస్తూ
బొటనవేలితో నా వైపుకి.
వంకాయ వచ్చింది. క్యాబేజీ వచ్చింది.
గోంగూర, బెండకాయ కలిపి మెదిపిన పులుపు
ఊరు ఊరంతా వలస వచ్చినట్టు వచ్చింది.
పళ్ళెంలో అన్నిటికన్నా సంపన్నమైన తీరం నాదే.
తింటున్నాను. రోజూ తింటున్నాను.
బెల్టు ఒక రంధ్రం వెనక్కి జరిగింది.

సజ్జ నూక వండితే గొంతులో ఇసుకట.
వేరుశెనగ పులుసు పోస్తే బురదట.
మిరపకాయ తీసేశాను, చింతపండు తగ్గించాను,
చేపని చిదిమి అన్నంలో దాచాను.
న్గోనే మెతుకు మెతుకూ సోదా చేసి
దొంగని బయటికి లాగింది.

ఒకసారి కసిరాను. గట్టిగానే.
ఆ రాత్రి ఎవ్వరూ గీత గీయలేదు, ఎవ్వరూ ఏదీ తోయలేదు.
పళ్ళెం నిండుగానే లేచింది.
పొద్దున్నే గొర్రెలు తిన్నాయి,
అవి మాత్రం వంక పెట్టలేదు.

తబారాకి ఫోను చేశాను:
"నువ్వేం వేసి వండుతావు? నీ చేతివంట ఎలా తింటారు వీళ్ళు?"
అటువైపు గాలి, ఎవరో బుట్టలు ఈడ్చుతున్న చప్పుడు,
ఆ తర్వాత నవ్వు.
"నా వంట తింటారని నీకెవరు చెప్పారు?
తొమ్మిదేళ్ళుగా ఒకే పళ్ళెంలో తిన్నాం,
నా వైపు ఎప్పుడైనా చూశావా?"

చూడలేదు.
నా ముందు ఎప్పుడూ మంచి తునక ఉండేది.
ఎక్కడి నుంచి వచ్చేదో అడగలేదు.

నిన్న మోటారు రెక్క తెగ్గోసి కుడి చేతికి కట్టు.
చెంచాతో ఏదో తంటాలు.
కరెంటు పోయింది, ఫోను లైటు బోర్లించిన గ్లాసుకి ఆనించాం.
చవగ్గా దొరికింది యాబోయ్ చేప.
ఒళ్ళంతా ముళ్ళే.
ఒక ముక్క గీత దాటి నా వైపు వచ్చింది.
ఆ, మొదలెట్టింది అనుకున్నాను.
ఇంకోటి వచ్చింది.
పంటి కింద పెట్టి ముల్లు కోసం నాలుకతో వెతికాను.

లేదు.

వెలుతురు అంచున న్గోనే తల వంచుకుని ఉంది,
గోళ్ళతో సన్నటి ముళ్ళు లాగుతోంది,
ఒక్కొక్కటీ ఇసుకలో గుచ్చుతోంది వరసగా,
చేప అంటే మొహం చిట్లించే పిల్ల,
మొహం చిట్లించుకునే.

ఏమీ అనలేదు నేను. అంటే ఆపేస్తుంది.

ఆ తర్వాత బెండకాయ కూడా పంపింది.
అది వేరే సంగతి.